తారవ్వ స్కాన్

డాక్టర్ అమ్రీన్ యాసర్‌తో మొట్టమొదట గట్టిగా అన్న మాట "ఫోన్ పెట్టెయ్యండి" అని.

యాసర్ పెట్టలేదు. జనగామ బస్టాండ్ వెనక ఉన్న స్కాన్ సెంటర్‌లో అతను సీటీ టెక్నీషియన్. జఫర్‌గఢ్ వాడు, ఇరవై ఎనిమిదేళ్లు. ఆరేళ్లుగా అదే మిషన్ ముందు కూర్చుని ఎన్ని వందల ఛాతీలు చూశాడో లెక్కలేదు. ఆ రోజు చూసినది మాత్రం అతన్ని అన్నం తిననివ్వలేదు.

అది నర్మెట్ట దగ్గరి తండా నుంచి వచ్చిన తారి అనే ముసలామెది. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో నిమ్మకాయంత గడ్డ. గురువారం హన్మకొండలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆ పైభాగాన్ని తీసేస్తారు. రిపోర్టులో గడ్డ గురించి వివరంగా రాశారు. రక్తనాళాల దగ్గర మాత్రం 'నార్మల్' అని ఒక్క మాటతో సరిపెట్టారు.

యాసర్ కంటికి అవి నార్మల్‌గా లేవు. ఎడమ ఊపిరితిత్తి నుంచి మామూలుగా రెండు సిరలు, పైభాగానిది ఒకటి, కిందిభాగానిది ఒకటి, విడివిడిగా గుండెలోకి వెళ్తాయి. తారికి ఆ రెండూ బయటే కలిసిపోయి ఒక్కటిగా గుండెను చేరుతున్నట్టు కనిపించాయి.

చీటీ మీద ఉన్న ఆ ఆసుపత్రి డాక్టర్ అమ్రీన్ నంబరుకు ఫోన్ చేసి ఈ సంగతంతా ఒక్క గుక్కలో చెప్పాడు. మీరు రేడియాలజిస్టా అని ఆమె అడిగింది. కాదు, స్కాన్ తీసినవాణ్ణి అన్నాడు. రిపోర్ట్ తన దగ్గర ఉందనీ, పేషెంట్లు ఎదురుచూస్తున్నారనీ చెప్పి, ఆమె ఆ మాట అంది.

"పెడత మేడం. కాని ఆ ఒక్కదాన్నే పైభాగం సిర అనుకుని కోసిండ్రనుకోండి. కిందిభాగంల రక్తం ఎటు పోతది?"

ఫోన్ ఆమే పెట్టేసింది.

మర్నాడు జనగామలో కుండపోత. పదకొండు గంటలప్పుడు నీళ్లోడుతున్న దుపట్టాతో ఒక అమ్మాయి నేరుగా కన్సోల్ రూమ్‌లోకి వచ్చేసింది. పేషెంట్లు బయట కూర్చోవాలని యాసర్ తల తిప్పకుండానే చెప్పాడు.

"నేను పేషెంట్‌ను కాను. నేను పెట్టెయ్యమన్నా ఫోన్ పెట్టనిది మీరేనా?"

అతను గభాలున లేచి నిలబడ్డాడు. తుడుచుకోవడానికి టవల్ లేక, పేషెంట్ల కోసం ఉతికి పెట్టిన దుప్పటి అందించాడు. ఆమె దాన్ని చూసి ఒక్క క్షణం ఆలోచించి, తల తుడుచుకుంది. పంపిన సీడీలో స్కాన్ బొమ్మలు మందపాటి ముక్కలుగానే ఉన్నాయనీ, సన్నటివి చూడందే తేలదనీ, అందుకే సెలవు పెట్టి బస్సెక్కాననీ చెప్పింది. బస్సు పైకప్పు కురిసిందనీ చెప్పింది.

సన్నటి ముక్కలన్నీ కలిపి యాసర్ బొమ్మ కట్టాడు. తెర మీద గుండె, దానికి ఎడమవైపు నాళాలు. తిప్పి చూపించాడు. రెండు సిరలు కలిసి ఒక్కటై లోపలికి వెళ్తున్నాయి. అనుమానానికి తావే లేదు.

అమ్రీన్ చాలాసేపు చూసింది. "పుస్తకంల చదివిన, చూడ్డం ఇదే మొదటిసారి," అంది మెల్లగా. "ఇది రోగం కాదు. మనిషికో తీరుంటది. తారవ్వ అరవై ఏండ్లు దీంతోనే బతికింది, ఏం కాలె. మాకు తెల్వకుండ కత్తి పట్టుకుంటెనే ఆమెకు ముప్పు."

వెళ్లేముందు గుమ్మంలో ఆగి, నిన్న తాను మాట్లాడిన తీరు బాగా లేదని అంది. అతని మెడలోని కార్డు మీద పేరు చదివి, ఆ మాటే మళ్లీ దక్కనీలో, ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూలో అంది. ఏ ఊరని అతనూ దక్కనీలోనే అడిగాడు. భూపాలపల్లి. తండ్రి బొగ్గుగనిలో చేసి రిటైరయ్యాడట. ఆయన దగ్గు వింటూ పెరిగింది కాబట్టే ఛాతీ ఆపరేషన్ల చదువు పట్టుకుందట. చాయ్ తాగి వెళ్లమని అడగడానికి యాసర్ నోరు తెరిచేసరికి ఆమె వానలో రోడ్డు దాటేసింది.

గురువారం మధ్యాహ్నం దాకా అతను ఫోన్‌నే చూస్తూ కూర్చున్నాడు. మూడింటికి మోగింది.

"లోపలికి పంపిన కెమెరాల అది అచ్చం పైభాగం సిర లెక్కనే కనవడ్డది యాసర్. మా పెద్ద సారు గూడ ఒక నిమిషం ఆగిండు. నీ బొమ్మ పక్కనే పెట్టుకున్నం. దాన్ని పట్టుకుని పైకి పోయి, చీలినకాడ పైకొమ్మనొక్కదాన్నే కట్టేసినం. కిందిభాగం మంచిగ గాలి తీసుకుంటున్నది."

తారి బాగున్నందుకు అతనికి కళ్లు చెమర్చాయి. ఆమె 'మీరు' నుంచి 'నువ్వు'లోకి వచ్చిందన్న సంగతి ఫోన్ పెట్టాక తెలిసింది. ఆ పూట రెండో పేషెంట్‌ను ఊపిరి బిగపట్టమని, వదలమనడం మర్చిపోయాడు. పాపం ఆ మనిషే అడిగాడు, ఇంకెంతసేపని.

రెండు నెలలకు తారి చెకప్ స్కాన్‌కు వచ్చింది. పక్కన అమ్రీన్ ఉంది. టేబుల్ మీద పడుకుంటూ తారి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"స్కానుకు డాక్టరమ్మ ఎంట రావాల్నా బిడ్డా? మా తండల ఎవ్వలకు గిట్ల రాలె."

అమ్రీన్ గోడ మీది క్యాలెండర్ చదివింది.

ఆ తర్వాత మహబూబాబాద్‌లో మెడికల్ స్టూడెంట్లకు ఈ కేసు చెప్పే పని అమ్రీన్‌కు పడింది. సిర సంగతి పట్టుకున్నవాడే చెప్పాలని యాసర్‌నూ లాక్కెళ్లింది. ఇంగ్లీషు రాదంటే తెలుగులో చెప్పమంది. రెండు వందల మంది ముందు అతను గొంతు సవరించుకుని, "నాకు ఎక్కువ తెల్వదు. చూసిన, నచ్చలే, ఫోన్ చేసిన. మేడం తిట్టింది," అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత బొమ్మ తిప్పి ఒక్కో నాళం చూపిస్తుంటే నవ్వినవాళ్లే నోట్సు రాసుకున్నారు.

సాయంత్రం స్టేషన్‌లో వాన, రైలు లేటు. అమ్రీన్ పల్లీల పొట్లం అతని చేతిలో పెట్టి, హైదరాబాద్‌లో ఒక డాక్టర్ సంబంధం వచ్చిందని చెప్పింది. చెప్పి అతని మొహంలోకి చూసింది.

"నువ్వేమంటవ్?"

యాసర్ పల్లీల వంక చూశాడు. ఆమె డాక్టర్. తాను బటన్ నొక్కేవాడు. "మంచి సంబంధమే," అన్నాడు.

రైలొచ్చింది. వరంగల్ దాకా ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ కిటికీలోంచి వాననే చూశారు. వరంగల్‌లో ఆమె దిగిపోయింది, వెనక్కి చూడలేదు. జనగామ ఇంకా గంట ప్రయాణం. రైలు కదిలింది. యాసర్ లేచాడు, తలుపు దాకా వెళ్లాడు, దూకేశాడు.

తడి ప్లాట్‌ఫారం మీద తూలి, నిలదొక్కుకుని, ఆమె ముందుకు పరుగెత్తాడు. "సంబంధం మంచిదన్న. నాకు మంచిదనలే. నువ్వు పోతె నేనెట్లుండాల్నో నాకు తెల్వదు అమ్రీన్."

అమ్రీన్ అతన్ని చూసింది, వెళ్లిపోతున్న రైలును చూసింది. "నీ బ్యాగు?"

"పోయింది."

అప్పుడు నవ్వింది ఆమె. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ హైదరాబాద్ సంబంధం వారం కిందటే వద్దన్నానని, నీ నోటితో ఒక మాట విందామనే అడిగానని చెప్పింది.

మిగిలింది భూపాలపల్లి. ఆదివారం యాసర్ కొత్త చొక్కా వేసుకుని వెళ్లాడు. అమ్రీన్ తండ్రి గఫార్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. డాక్టర్ పిల్లకు టెక్నీషియన్ ఏమిటని చుట్టాలు అప్పటికే అనేశారని యాసర్‌కు తెలుసు. జీతం అడుగుతాడనుకుని సిద్ధమయ్యాడు.

గఫార్ అది అడగలేదు. "అంత పెద్ద డాక్టర్లకు నువ్వు ఫోన్ చేసి చెప్పినవ్. భయం కాలేదా?"

"అయింది చాచా. చెప్పకపోతె, ఆమెకేమన్న అయితె, ఎట్ల పండుకోవాలె అని ఇంక భయమైంది."

ముసలాయన తల ఊపాడు. కొంచెంసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "గనిల పైకప్పుకు పగులు గీత కనవడితె, ఎవ్వడైన సరే, అందరికంటె చిన్నోడైన సరే, పని ఆపుమని చెప్పాలె. చెప్పినోడు ఉన్నందుకే నేను రెండుసార్లు ఇంటికొచ్చిన. గసొంటోడు మా ఇంట్ల ఉంటె నాకేం కావాలె?" అని వంటింటి వైపు తిరిగి భార్యను పిలిచాడు.

అక్బరీ బేగం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యాసర్‌ను ఎగాదిగా చూసి, సంబంధం మాట్లాడటానికి వాళ్ల అమ్మీకి శుక్రవారం రావడం వీలవుతుందా అని అడిగింది.

"శుక్రవారం నాకు ఆపరేషన్లున్నయి," అంది అమ్రీన్ తలుపు దగ్గరి నుంచి.

"నిన్నెవరడిగిన్రు?" అంది తల్లి.

యాసర్ అక్కడే ఫోన్ తీసి అమ్మీకి కలిపాడు.