అరవై రోజుల కపితానా

వెల్లుల్లి వేసి వేయించిన అన్నంలో ఎండుచేప నంజుకుంటున్న హెర్మోకి గేటు దగ్గర ముసలి ఆంబింగ్ గొంతు వినిపించింది. పక్కింటివాళ్ల పంది ఆమె చిలగడదుంప తీగలన్నీ తినేసిందట.

"చెప్పు మామ్మా," అంటూ లేచాడు.

"నీకెందుకులే శ్రమ. కపితానా ఉందా?"

హెర్మోకి ఒళ్లు మండింది. ఈ బరంగాయ్‌కి, అంటే ఈ ఊరి పంచాయతీకి, వరసగా మూడు దఫాలు గెలిచిన కెప్టెన్ తను, అందరూ ‘కాప్’ అని పిలిచే మనిషి. భార్య పేతాంగ్ వట్టి కౌన్సిలరు. రెండో దఫాలో ఎవరో పెట్టిన ఫిర్యాదు మీద తనని అరవై రోజులు పక్కన పెట్టినప్పుడు, కౌన్సిలర్లలో ఎక్కువ ఓట్లు ఆమెవే గనక ఆ కుర్చీ ఆమెకిచ్చారు. ఫిర్యాదు వీగిపోయింది, తను తిరిగొచ్చాడు. ఊరివాళ్ల నోట ‘కపితానా’, అంటే ఆడ కెప్టెన్, అన్న పిలుపు మాత్రం పోలేదు. సొంత పెళ్లాం మీద అసూయేమిటని సిగ్గుపడుతూనే కుళ్లుకునేవాడు.

ఇప్పుడు ఆ అరవై రోజులే అతనికి దిక్కయ్యాయి. చట్టం ప్రకారం వరసగా నాలుగోసారి నిలబడకూడదు. మధ్యలో పదవి తెగితే లెక్క మళ్లీ మొదలవుతుంది. ఆ అరవై రోజులు తెగినట్టా, కాదా? వకీలు అవునని వాదిస్తానన్నాడు. ఎన్నికల ఆఫీసులో పెదవి విరిచారు. భార్యాభర్తలిద్దరూ ప్రమాణపత్రం మీద సంతకం చేస్తే చూద్దామన్నాడు వకీలు. నామినేషన్లకి ఇవాళ సాయంత్రం అయిదే గడువు.

మధ్యాహ్నానికి కూడా పేతాంగ్ సంతకం పెట్టలేదు.

"ఎందుకు నానుస్తున్నావు?" అన్నాడు హెర్మో.

"ఇందులో ఏముందో చదివావా?"

"వకీలు రాశాడుగా."

"నువ్వే పైకి చదువు."

హెర్మో విసుగ్గా అందుకున్నాడు. "ఆ అరవై రోజులూ నేను ఏ అధికారమూ చెలాయించలేదు. తుఫానులో నలభై కుటుంబాలను బడికి చేర్చినదీ, వలల తగువు తీర్చినదీ నా భార్య. ఆ నిర్ణయాలన్నీ ఆమెవే..." అక్కడ ఆపేశాడు.

"కోడిపందేల దగ్గర ఇన్నేళ్లుగా ఏం చెప్పుకున్నావు? వెనకుండి నడిపించింది నువ్వేనని కదా? నువ్వు నడిపిస్తే పదవి తెగలేదు. తెగిందంటే నడిపింది నేను. ఏది నిజమని ప్రమాణం చేయమంటావు?"

"అసలు సంగతి చెప్పు. కుర్చీ నీక్కావాలి."

"కావాలి," అంది పేతాంగ్ కళ్లు దించకుండా. "మూడేళ్లుగా కావాలి."

"ఊరంతా నిన్ను నెత్తిన పెట్టుకునేసరికి కళ్లు నెత్తికెక్కాయి నీకు. నేను చెప్పినట్టే చేశావని ఆనాడు ఊరందరికీ తెలుసు."

"ఎలా తెలుసు? ఎవరు చెప్పారు వాళ్లకి?"

 తుఫాను రోజు హెర్మో, పక్కన పెట్టారన్న అవమానంతో, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయట వర్షంలో ఆమె అరుస్తున్న మాటలు ఇప్పుడు గుర్తొచ్చాయి. కాప్ బడికి వెళ్లమన్నాడు. కాప్ పడవలు కట్టేయమన్నాడు.

"నువ్వే చెప్పావు," అన్నాడు నెమ్మదిగా. "ఎందుకు?"

"మళ్లీ వీధిలోకి వెళ్లినప్పుడు నువ్వు తల దించుకోకూడదని," అంది పేతాంగ్. "దాన్నే నువ్వు నిజమనుకున్నావు."

హెర్మోకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది తన పరువు కాపాడిన మనిషి మీద.  ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, మోటారు ట్రైసికిల్ తాళంచెవి తీశాడు.

"బట్టలు మార్చుకుని రా. అయిదింటికి మూసేస్తారు."

ఎన్నికల ఆఫీసులో గుమస్తా అలవాటుగా కెప్టెన్ పదవి నామినేషన్ ఫారం అతని ముందుకే తోశాడు. అతను దాన్ని ఆమెవైపు జరిపాడు. చెయ్యి బరువుగానే కదిలింది. అసూయ ఒక్క పూటలో వదిలేది కాదు.

బ్యాలెట్ మీద ఏ పేరు వేయాలని గుమస్తా అడిగాడు. పోయినసారి ఆమె ‘హెర్మో గారి పేతాంగ్’ అని వేయించుకుంది. ఈసారీ అదే రాయబోతుంటే హెర్మో ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"నా పేరు వద్దు," అన్నాడు. "పేతాంగ్ అని రాయి. చాలు."