ఎనిమిది కన్నాల చెక్క

టాటానగర్‌లో సువర్ణరేఖ నది పొంగి మాంగో పేట పల్లపు ఇళ్లలో మంచాలు తేలిన ఏడాది ఒకటుంది. ఆ వరద తర్వాత మూడో ఏడు జరిగింది ఇది. వానలు వెనకబట్టిన రోజులు. అదే ఊళ్లో సీతారాండేరా బస్తీలో పోలరాజు ఇంట్లో ఎప్పటిలాగే తెల్లవారింది. కొడుకు సూర్యం టెల్కో కార్ఖానా మొదటి షిఫ్టు బస్సుకి వెళ్లిపోయాడు. భార్య వరహాలమ్మ బొగ్గుల పొయ్యి రాజేసింది. కోడలు నూకమ్మ బిందె తీసుకుని వీధి కుళాయి వరసలో నిలబడింది.

పోలరాజు పెరట్లో రేకుల షెడ్డు తలుపు తీశాడు. షెడ్డులో ఒక బల్ల, ఇనుము బిగించి పట్టే ఒక వైసు, కిరసనాయిలు డబ్బా. సగానికి అడ్డంగా గోనెపట్టా తెర.

ముప్ఫయ్యేళ్లు లారీల మరమ్మతులో పనిచేసి వచ్చినవాడు అతను. ఇంజను హెడ్డులో వాల్వులు అరగదీయడంలో అతని చెయ్యి టాక్సీ స్టాండు మొత్తానికి తెలుసు. వాల్వు దాని సీటు మీద గాలి కూడా దూరకుండా కూర్చోవాలి. రెండింటి మధ్య గరుకు మందు రాసి, కొసన రబ్బరు గిన్నె ఉన్న కర్రని వాల్వుకి అతికించి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. ఎత్తి, కొంచెం జరిపి, మళ్లీ తిప్పాలి. మొదట ఇసుక నమిలినట్టు చప్పుడొస్తుంది. పోనుపోను సన్నబడుతుంది. అప్పుడు ఆపాలి. ఒక సీటు మీద అరిగిన వాల్వు ఆ సీటుదే. ఇంకో సీటుకి పనికిరాదు.

అందుకని తక్కిన మిస్త్రీలు వాల్వుల మీద నంబర్లు కొట్టుకుంటారు. పోలరాజు కొట్టడు. గుర్తులు పని నేర్చుకునే గుంటలకి కావాలని అతని మాట. అతనికి ఎనిమిది కన్నాలు తొలిచిన ఒక చెక్క ఉంది. విప్పిన వాల్వుల్ని వరసగా ఆ కన్నాల్లో నిలబెడతాడు. ముప్ఫయ్యేళ్లలో ఆ వరస తప్పలేదు.

రెండేళ్లుగా మాత్రం అతని చూపు మసకబారింది. కుడిచెయ్యి వణుకుతోంది. ఈ సంగతి ఇంటి బయట ఎవరికీ తెలియదు. ఒకరోజు దీపం పట్టుకుని కూర్చున్న నూకమ్మ, మూడో దాని చప్పుడు మారిపోయింది మావా అంది. పోలరాజుకి ఇంకా వినిపించలేదు. తీసి చూస్తే సీటు మీద బూడిదరంగు గీత, వాల్వు కుదిరిందనడానికి గుర్తు, ఎక్కడా తెగకుండా పడి ఉంది. ఆ మర్నాడే తెర కట్టాడు. అప్పట్నుంచి తెర వెనక నూకమ్మ అరగదీస్తుంది, తెర ముందు పోలరాజు హెడ్డు తీసుకుంటాడు, ఇస్తాడు, పొగిడితే తల ఊపుతాడు.

ఆ ఉదయం సన్యాసిరావు హెడ్డు బల్ల మీద ఉంది. సన్యాసిరావుది మాంగో, సొంత అంబాసిడర్ టాక్సీ. వాల్వులన్నీ ముందురోజే నూకమ్మ పూర్తిచేసి చెక్కలో నిలబెట్టింది. తిరిగి బిగించడం ఒక్కటే మిగిలింది. ఆ పని పోలరాజు తనకే ఉంచుకున్నాడు. చెక్కని రెండు చేతులా ఎత్తాడు. కుడిచెయ్యి వణికింది. చెక్క ఒరిగి ఎనిమిది వాల్వులూ సిమెంటు నేల మీద దొర్లిపోయాయి.

ఏటి పడిందని వరహాలమ్మ వంటింట్లోంచి అడిగింది. ఏమీ లేదన్నాడు. ఒంగుని ఏరుకున్నాడు. వాల్వుల్లో నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. అంతవరకు వేళ్లకి తెలిసింది. పెద్దవాటిలో గానీ చిన్నవాటిలో గానీ ఏది ఎక్కడిదో తెలియలేదు. కళ్లద్దాలు లోపల పెట్టెలో ఉన్నాయి. నూకమ్మ వచ్చేదాకా ఆగి అడగవచ్చు. కిరసనాయిలు పోసి కారుతోందేమో చూసుకోవచ్చు. హెడ్డు తీసుకెళ్లడానికి సన్యాసిరావు తెచ్చిన రిక్షా వీధిలో ఆగిన చప్పుడైంది. పోలరాజు తోచిన వరసలో పెట్టి బిగించేశాడు.

ఎనిమిదో రోజున అదే రిక్షాలో అదే హెడ్డు తిరిగివచ్చింది. సన్యాసిరావు వెంట స్టాండు డ్రైవరు ఒకడున్నాడు. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు గోడ మీంచి చూస్తున్నారు.

"ఏటి మావా ఇది," అన్నాడు సన్యాసిరావు. గొంతు పెంచలేదు. "పురిటి మనిసినీ పసిగుంటనీ ఎక్కించుకుని ఎల్తన్నాను. సాండిల్ ఊరి దారిలో బండి నడవనంది. వానలో రెండు గంటలు కూకున్నారు. ఆకరికి బొగ్గు లారీ ఎక్కించి పంపేను. హెడ్డు ఇప్పి కిరసనాయిలు పోత్తే జల్లెడనాగ కారిపోతంది. నీ సెయ్యి ఇలగెప్పుడూ సెయ్యనేదే."

ముప్ఫయ్యేళ్ల పేరు గోడ మీంచి చూస్తున్నవాళ్ల ముందు జారిపోతున్నట్టు పోలరాజుకి అనిపించింది. తెర వెనక కర్ర తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అది నా సెయ్యి కాదు," అన్నాడు. "కోడలు ముట్టుకున్నాది."

తెర వెనక కర్ర ఆగిపోయింది.

సన్యాసిరావు వెళ్లి తెర పక్కకి లాగాడు. నూకమ్మ పీట మీద కూర్చుని ఉంది. మోచేతులదాకా మందు నలుపు. ఆమె చేతులు చెంగు కింద దాచుకుంది. డ్రైవరు నవ్వి, "బుడ్ఢా బహూ సే వాల్వ్ ఘిస్‌వాతా హై," అన్నాడు. ముసలాడు కోడలి చేత వాల్వులు గీయిస్తున్నాడన్న ఆ మాట గోడ అవతలివాళ్లు కూడా విన్నారు. ఇన్నాళ్లూ మాకు చెప్పకుండా ఆడమనిషి చేత చేయించావా, ఇంక నీకు హెడ్డు ఎవడిస్తాడని సన్యాసిరావు అడిగాడు. మర్నాడు మధ్యాహ్నానికి సరిచేసి ఉంచమని, ఈసారి సొంత చేత్తో చెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

నూకమ్మ లేచి షెడ్డు బయటికి వచ్చింది. గట్టు మీద కూర్చుని ఇసకా సబ్బూ వేసి చేతులు తోముకుంది. గోళ్ల కింద నలుపు పోలేదు. పోయేదాకా తోమింది.

సాయంత్రం సూర్యం షిఫ్టు దిగేసరికి మాట బస్సుదాకా వెళ్లిపోయింది. వాడి జతవాళ్లు, మీ ఆవిడకి కూడా కార్ఖానా టోకెన్ నంబరు ఇచ్చారా అని ఆటపట్టించారట. టిఫిను డబ్బా దించకుండానే, "బస్. కల్ సే నహీ బైఠేగీ," అన్నాడు. రేపట్నుంచి షెడ్డులో కూర్చోదు. అయినా హెడ్డు ఎందుకు పాడుచేశావని పెళ్లాన్ని అడిగాడు.

"నాను ముట్టుకున్నది నిజవే కదా," అంది నూకమ్మ. బియ్యం ఏరుతున్న పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

పోలరాజు అక్కడే మంచం మీద ఉన్నాడు. నిజం చెప్పకుండా మంచం నులక సర్దుతూ కూర్చున్నాడు. వరహాలమ్మ అతని కేసి చూసింది. లోపలికి వెళ్లి పెట్టెలోంచి కళ్లద్దాలు తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"సొంత సేత్తో సెయ్యమన్నాడు కదా. ఎల్లు," అంది. "ఆ రోజు ఏటి పడిందో నాకు తెల్దనుకున్నావా. ఇనుము దొర్లిన సప్పుడు ముప్పయ్యేళ్లబట్టీ ఇంటన్నాను."

ఇంకా వెలుతురుంది. పోలరాజు షెడ్డులోకి వెళ్లి అద్దాలు పెట్టుకుని వాల్వులు ఒక్కొక్కటే విప్పాడు. ఒక చిన్న వాల్వు అంచు కాలి చిట్లిపోయింది. దాన్ని వెలుతురులోకి ఎత్తి చూస్తుంటే కాడ కొసన ఏదో కనిపించింది. తుడిచాడు. ఆకురాయితో గీసిన సన్నటి గీతలు. మూడు. అది ఏడో సీటులోంచి తీసిన వాల్వు. మూడో సీటులోంచి తీసినదాని మీద ఏడు గీతలున్నాయి. ఒకటో దాని మీద ఎనిమిది. ఎనిమిదింటిలో రెండే తమ చోట ఉన్నాయి.

కోడల్ని పిలిచాడు. ఆమె వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"ఈ గీతలెప్పుడెట్టేవు?"

"మీ సెయ్యి వణికిన కాణ్ణించీ ఎడతన్నాను మావా. గుర్తులెట్టొద్దన్నారు. అందుకే కనబడకండా ఎట్టేను."

"అయితే వాల్వులు మారిపోనాయని తెలుసు నీకు."

"హెడ్డు రిక్షాలోంచి దించినప్పుడే అనుకున్నాను. నాను సేసినవి కారవు."

"మరి ఆడి ముందర సెప్పనేదేటి?"

"మీరు నన్ను ముందుకి తోసీసేరు మావా. నానూ మిమ్మల్ని తోసీయాలేటి? ఇద్దరం పడిపోతే ఈ పని ఇంకెవులు సేత్తారు?"

పోలరాజు అద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తడిశాయి. ఆమె వెళ్లిపోలేదు. అతను ఆమె ముఖం చూడలేక ఆ మూడు గీతల వాల్వునే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం సూర్యం బస్సుకి బయల్దేరుతుంటే పోలరాజు గుమ్మంలో నిలబడ్డాడు. వాల్వులు పడేసింది తనని, దాచింది తనని, పెళ్లాన్ని ఏమీ అనొద్దని చెప్పాడు. నాకు చెప్తే ఏం లాభం, విన్నవాళ్లకి చెప్పగలవా అన్నాడు సూర్యం. అందుకే వెళ్తున్నానన్నాడు పోలరాజు. సూర్యం తండ్రి చెయ్యి కేసి చూశాడు. బస్సు వచ్చింది. వెళ్తూ వెళ్తూ, గరుకు మందు డబ్బా అయిపోయిందేమో నీ కోడల్ని అడుగు, సాయంత్రం తెస్తానన్నాడు.

పోలరాజు టాటానగర్ స్టేషను దగ్గర టాక్సీ స్టాండుకి నడిచివెళ్లాడు. డ్రైవర్లు టీ తాగుతున్నారు. సన్యాసిరావున్నాడు, నిన్న నవ్వినవాడూ ఉన్నాడు. పోలరాజు వాళ్ల మధ్య నిలబడి వణుకుతున్న చెయ్యి జేబులోంచి తీసి అందరికీ కనిపించేలా చాపాడు.

"రెండేళ్ల కాణ్ణించి మీ బళ్లు నడిపింది నా కోడలి సెయ్యి," అన్నాడు. "మొన్న పాడుసేసింది ఈ సెయ్యి. అబద్ధమాడింది కూడా నానే."

ఎవరూ నవ్వలేదు. సన్యాసిరావు టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ఆ పురిటి మనిసికి కూడా సెప్పాలి మావా," అన్నాడు. వెళ్లి చెప్తానన్నాడు పోలరాజు. దారిలో కొత్త వాల్వు ఒకటి కొనుక్కుని ఇంటికి వచ్చాడు.

గోనె తెర విప్పి మడతపెట్టాడు. నూకమ్మ పీట తెచ్చి వీధి కనిపించే వాకిట్లో వేశాడు. చెక్క మీద కన్నాల పక్కన సుద్దతో ఒకటి నుంచి ఎనిమిది వరకు అంకెలు రాశాడు. చెయ్యి వణికి అంకెలు వంకర పోయాయి. అవి చదువుకోడానికి చాలు. గోడ మీంచి చూసేవాళ్లు చూస్తున్నారు. నూకమ్మ చెంగు బిగించుకుని వచ్చి పీట మీద కూర్చుంది. చేతులు దాచుకోలేదు.

పోలరాజు ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. కొత్త వాల్వు కాడ మీద ఆకురాయితో తనే మూడు గీతలు గీశాడు.

"మూడు," అని ఆమెకి అందించాడు.