తలకిందుల లేబులు

తప్పులు పట్టడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీర్‌ని. వేరేవాళ్లు రాసిన కోడ్‌లో ఎక్కడ తేడా ఉందో వెతికి, బగ్ అని పేరు పెట్టి పంపితే నెల తిరిగేసరికి జీతం పడుతుంది. ఇంత సుఖమైన పని చేస్తూ నేను ఇరుక్కుంది మాత్రం కోడ్ విషయంలో కాదు, మా టీంలోని శ్రావణి ప్యాంటు విషయంలో.

రెండువేల పదకొండు సెప్టెంబరు. ఆ శుక్రవారం అందరూ కాలేజీ రోజుల నాటి బట్టలు వేసుకుని రావాలని హెచ్ఆర్ వాళ్లు మెయిల్ పెట్టారు. ఇంకేం, అటకల మీది పెట్టెలన్నీ కిందికి దిగాయి. ఒకడు కిల్లర్ జీన్స్‌లో వచ్చాడు, ఇంకొకడు కాలరు అరిగిన డబుల్ బుల్ చొక్కాలో. మా మేనేజర్ ఫ్లయింగ్ మెషీన్ ప్యాంటు తొడుక్కొచ్చి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోలేకపోయాడు. నేను ఊపిరి బిగబట్టి న్యూపోర్ట్ ప్యాంటు బొత్తాం పెట్టుకున్నాను. ఆ పేర్లు వింటుంటే ప్రొద్దుటూరులో మా కాలేజీ గేటు, దాని ముందు సైకిల్ మీద నా ఫోజూ గుర్తొచ్చి నా మీద నాకే ముద్దొచ్చింది.

శ్రావణి రఫ్ అండ్ టఫ్‌లో వచ్చింది. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ అది రెడీమేడ్ కాదు. ప్యాకెట్‌లో జీన్స్ గుడ్డ, జిప్పు, బొత్తాం, రివెట్లు, వెనక నడుము దగ్గర కుట్టే లేబులు ఉండేవి. తీసుకెళ్లి ఊళ్లో టైలరుకిస్తే కుట్టిపెట్టేవాడు. శ్రావణిది చక్కగా కుదిరింది. లేబులు మాత్రం తలకిందులుగా ఉంది.

ఆమెతో మాట కలపాలని ఆరు నెలలుగా చూస్తున్నాను. ఇంతకంటే మంచి అదను దొరకదనుకుని టీం మొత్తానికి మెయిల్ కొట్టాను. “బగ్: లేబులు తలకిందులు. తీవ్రత: స్వల్పం. కుట్టినవాడిని మార్చవలెను.”

ఫ్లోరంతా పగలబడి నవ్వింది. పది నిమిషాలకు శ్రావణి జవాబు వచ్చింది. “ఇది బగ్ కాదు. మూసేయడమైనది.” దాని వెనకే మనిషి కూడా వచ్చింది.

“కుట్టినాయన్ను మార్చాల్నా? ఎట్ల మారుస్తవ్? ఆయన మా బాపు.”

నేను కుర్చీలోంచి లేచాను.

“నేను ఇంటర్ పాసైనప్పుడు కుట్టిండు. ఆడపిల్లకు ప్యాంటేందని జనగామల మా గల్లీ మొత్తం అడిగింది. నా బిడ్డ, నా మిషన్, మీకేంది అన్నడు. మూడు సూదులు ఇరిగినయి దానికి. ఆయనకు ఇంగ్లీషు చదవరాదు. నీకొస్తది గద, సంబురపడు.”

ఆ రోజు నుంచి నాకు గుడ్ మార్నింగ్ కూడా బంద్. సిగ్గుతో నేనూ తలెత్తలేకపోయాను. అందరినీ నవ్వించాననుకున్నాను గానీ, నవ్వింది ఎవరి కష్టం మీదో అప్పటిదాకా తట్టలేదు.

మరుసటి వారం తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. మియాపూర్ చౌరస్తాలో చిరుజల్లు. షేర్ ఆటోల్లో మనుషులు బయటికి వేలాడుతున్నారు. గొడుగు కింద శ్రావణి కనిపించింది. బండి ఆపాను.

“ఎక్కు. ఇద్దరం పోయేది ఒక ఆఫీసుకే కదా.”

“సమ్మె మాది. నడుస్తం.”

“మాదాపూర్ దాకానా? రాష్ట్రం వచ్చేలోపల చేరతావా?”

నవ్వు ఆపుకోవడానికి గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇంతలో వాన పెద్దదైంది. నా పుణ్యం కొద్దీ ఎక్కింది.

“లిఫ్ట్ ఇచ్చినవని తెలంగాణ వద్దంటననుకోకు.”

“అనద్దులే. వచ్చినాక నన్ను పంపించేస్తారా?”

“నిన్నయితే ఫస్ట్ బస్సుకే.”

“బస్సులే లేవు కదబ్బా!”

బండి అద్దంలో ఆమె నవ్వు కనిపించింది. రోడ్డు చూడాలో అద్దం చూడాలో తెలియక కొత్తగూడ దగ్గర బండిని ఒక గుంటలో దించాను. వాన కూడా జోరందుకోవడంతో టీకొట్టు రేకు కింద ఆగాం.

“శ్రావణీ, తప్పయిపోయింది. నీతో మాట్లాడేకి నాకు వేరే దారి తెలీలేదు. నువ్వంటే నాకు ఇష్టం. చానా ఇష్టం.”

“ఇష్టమని చెప్పనీకి బగ్ పెడ్తరా ఎవరన్న?”

“టెస్టింగోళ్లం. మాకు వచ్చిందే అది.”

ఆమె గ్లాసు తిప్పుతూ టీ ఊదుకుంది. నాకు భయమేసి మాట మార్చాను. “మా ఇంట్లో కూడా ఒక రఫ్ అండ్ టఫ్ ప్యాకెట్ ఉంది. కుట్టించనే లేదు. ఎంసెట్‌లో ర్యాంకొస్తే కుట్టిస్తానన్యాడు మా నాయన.”

“రాలేదా?”

“రెండోసారికి వచ్చింది. అప్పటికి అందరూ న్యూపోర్ట్‌కు మారిపోయినారు.”

ఈసారి నవ్వు ఆపుకోలేదు. టీ ఒలికేదాకా నవ్వింది. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి అంది.

“తెప్పియ్. మా బాపు కుడ్తడు. జనగామ ఇడిచి వచ్చినంక ఇక్కడ మియాపూర్ డిపో ముంగటే దుకాణం. బస్సులు బంద్ అయినకాంచి ఖాకీ బట్టలు కుట్టిచ్చేటోళ్లు లేక ఖాళీగున్నడు. ఆయనకు నువ్వు నచ్చితే అప్పుడు నా ముచ్చట చెప్త. కానీ ఒక్కటి. లేబులు తలకిందులున్నదని బాపుకు పదేండ్ల సంది నేను చెప్పలె. దుకాణంకు వచ్చినోళ్లందరికి ఆ ప్యాంటు గురించే చెప్పుకుంటడు. అక్కడ నువ్వు నోరు జారినవనుకో, ఇగ నాతోని మాట్లాడకు.”

సరేనన్నాను గానీ, నా నోటి మీద నాకే నమ్మకం లేదు.

మా అమ్మ ప్రైవేటు బస్సులో పంపిన ప్యాకెట్ పట్టుకుని ఆదివారం పొద్దున మియాపూర్‌లో శ్రావణి నాన్న ఆంజనేయులు గారి దుకాణానికి వెళ్లాను. శ్రావణి కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, నన్ను కళ్లతోనే ఇంకోసారి హెచ్చరించింది. ఆయన ప్యాకెట్ విప్పి గుడ్డను చేత్తో నిమిరాడు.

“అబ్బ, ఎన్నేండ్లాయె ఈ గుడ్డ ముట్టుకోక! గప్పట్ల పండుగొస్తె నా దుకాణం ముంగట లైనుంటుండె.”

టేపును నా మెడలో దండలా వేసినట్టే వేసి, నడుముకు దించి కొలవడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి అడిగాడు.

“నువ్వు తప్పులు పట్టేటోడివంట గద, బిడ్డ చెప్పింది. మరి మా బిడ్డ ప్యాంటు చూసినవా? ఏం తప్పున్నదో చెప్పు. మొహమాటం వద్దు.”

శ్రావణి ముఖంలో రంగు పోయింది. అబద్ధం చెబితే పనిమంతుడికి ఇట్టే తెలిసిపోతుంది. నిజం చెబితే శ్రావణి లేదు.

“కుట్టు ఒక్కచోట కూడా వంకర పోలేదు సార్. పదేళ్లయినా దారం ఊడలేదు.”

“మరి లేబులు?”

“నాకూ అట్లే కుట్టండి సార్. ఆఫీసుకు అదే వేసుకొని పోతా.”

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు, తర్వాత కూతుర్ని చూశాడు.

“తలకిందులుగనేనా?”

శ్రావణి గభాలున లేచింది. “బాపూ! నీకెరుకేనా?”

“కుట్టిన తెల్లారే మన గల్లీల ఇంగ్లీషు చెప్పే రామబ్రహ్మం సారు చెప్పిండు. ఇప్పి మల్ల కుడ్దామంటె, నువ్వు అద్దం ముంగట నుంచి కదుల్తలేవు. ఎట్ల ఇడువుమంట? నీకు ఎరుకలేదనుకున్న.”

“నీకు ఎరుకలేదని నేననుకున్న!”

ఇద్దరూ నవ్వారు. శ్రావణి నవ్వుతూనే చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఆ తండ్రీకూతుళ్లను చూస్తే నాకు నా మెయిల్ గుర్తొచ్చి మళ్లీ సిగ్గేసింది. అలాగే, ఈ ఇంట్లో మనిషినైతే బాగుండునని గట్టిగా అనిపించింది.

ఆయన నా నడుము చుట్టూ టేపు మరోసారి వేశాడు.

“గుడ్డ బొటాబొటి ఉన్నది. అయినా నడుముకాడ లోపల రెండంగులాలు ఇడుస్తున్న.”

“ఎందుకు సార్? ఇప్పుడు సరిపోతుంది కదా.”

“లగ్గమైనంక సరిపోదు. మా ఇంట్ల వంట గట్లుంటది.”

“బాపూ!” అని శ్రావణి పెద్దగా అరిచింది. కానీ బయటికి పోలేదు, కాదనీ అనలేదు. తల వంచుకుని, ఎర్రబడ్డ ముఖంతో, ఖాళీ మిషన్ చక్రాన్ని ఊరికే తిప్పుతూ నిలబడింది.

ధైర్యం చేయడానికి ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది.

“మూడు వదలండి, మామా.”

ఆయన చెవి మీది సుద్దముక్క తీసి, గుడ్డ మీద మూడంగుళాలకే గీత గీశాడు.