అరువు నత్తి

దోహా ఎయిర్‌పోర్టు బయట వ్యాను దగ్గర నిలబడ్డ డ్రైవరు ఎంత అడిగినా నోరు విప్పకపోయేసరికి మెహర్ సుల్తానాకు ఒళ్లు మండింది.

"ఈ బండేనా మాది?" అంటే తలూపాడు. "మేం దిగే అల్ అజీజియా ఎంత దూరం?" అంటే చేత్తో ఎటో చూపించాడు. హైదరాబాదు నుంచి దిగిన సీరియల్ యూనిట్ అంతా సామాన్లతో చుట్టూ మూగింది. చుట్టూ నలుగురు చేరితే మెహర్ ఊరుకోలేదు. వెంటనే సీరియల్లో తను వేసే ముత్యాలు గొంతు బయటికి తీసింది.

"ఏం బా... బా... బాబూ! నో... నోట్లె ఖ... ఖర్జూరం పెట్టుకున్నవా?"

యూనిట్ గొల్లుమంది. డ్రైవరు మాత్రం నవ్వలేదు. సామానంతా ఎక్కించి, తన సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగాడు.

"మే... మే..." కళ్లు మూసుకున్నాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. "మే... మేడం. సీ... సీటు బెల్టు."

అది నటన కాదని అందరికీ ఒకేసారి తెలిసింది. మెహర్ గబగబా బెల్టు పెట్టుకుంది.

ఆయిల్ ధర పైపైకి పోతున్న రోజులవి. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. ఆ క్రేన్ల కింద పనిచేసే తెలుగువాళ్లంతా రాత్రి క్యాంపుకు చేరగానే పెట్టుకునేది ముత్యాలు సీరియలే. ముత్యాలు ఒక నత్తి వంటమనిషి. ఆమె దుబాయ్‌కి పనికి వచ్చినట్టు కొన్ని ఎపిసోడ్లు తీయాలని చానల్ వాళ్లు యూనిట్‌ను ఖతార్ పంపించారు. కథలో దుబాయ్ అనే ఉంచారు. ఊళ్లలో చూసేవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే కదా.

కరీంనగర్ నుంచి సినిమా పిచ్చితో హైదరాబాదు వచ్చిన మెహర్ ఏళ్ల తరబడి హీరోయిన్ పక్కన చెలికత్తెగా నిలబడింది. చెంపదెబ్బలు తింది, బురదలో పడింది, కుర్చీలు విరగ్గొట్టింది. ఎవరికీ ఆమె పేరు తెలియలేదు. ఒకరోజు సెట్లో డైలాగు మర్చిపోయి తడబడితే డైరెక్టరు పడీపడీ నవ్వాడు. "అదే! అలాగే చెప్పు!" అన్నాడు. ఆ తడబాటుకు ముత్యాలు అని పేరు పెట్టారు. అప్పటి నుంచి మెహర్ మామూలుగా మాట్లాడితే ఎవరికీ అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆమె వ్యానులో ముందు సీట్లో వచ్చి కూర్చుంది.

"నీ పేరు రఫీక్ అంట గద. రామకృష్ణారావు గారు చెప్పిన్రు. రఫీక్ భాయ్, నిన్నటిది మాఫ్ చెయ్యి."

రామకృష్ణారావు దోహా తెలుగు సంఘం పెద్ద, ఇంజినీరు. యూనిట్‌లోని ఆడవాళ్లంతా దిగింది వాళ్లింట్లోనే. రఫీక్‌ది కోరుట్ల. దోహా బయట మెసయీద్‌లో ఒక కంపెనీ కార్మికుల బస్సు నడుపుతాడు. రావుగారి మాట కాదనలేక సెలవు పెట్టి ఈ వ్యాను పట్టాడు.

"అ... అలవాటే," అన్నాడు రఫీక్.

"ఎవరికి? నాకా, నీకా?"

అతని మీసం చివర చిన్నగా కదిలింది. "ఇ... ఇద్దరికి."

కొంచెం దూరం పోయాక, "లొకేషన్ ఇంకెంత దూరం?" అంది.

"రౌ... రౌ... రౌ..." రౌండెబౌట్ అనబోయి ఆగిపోయాడు. "గుండ్రంది! గుండ్రంది దాటినంక."

మెహర్‌కు నవ్వు ఆగలేదు. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

"నవ్వు. దీనికి నా... నాకు గూడ నవ్వొస్తది," అన్నాడు. "ఆగిన మాటతోటి కొట్లాడ. పక్క సందుల కెళ్లి వస్త. డ్రైవర్‌ను గద."

ఆ రోజు నుంచి ముందు సీటు ఆమెదే అయింది. "మెహర్" అనే మాట అతనికి మొదట్లోనే ఆగిపోయేది. అందుకని "సుల్తానా" అని పిలిచేవాడు.

"అందరు మెహర్ అంటరు. నీకేమైంది?"

"అ... అది నా తొవ్వల లేదు. నువ్వు భాయ్ అనుడు బంద్ చేస్తె, నేను గూడ చూస్త."

ఆమె కిటికీ వైపు తిరిగి, ఎడారిని తెగ శ్రద్ధగా చూసింది. మరునాటి నుంచి భాయ్ అనలేదు.

చివరి రోజుల్లో మెసయీద్ ఇసుక దిబ్బల దగ్గర షూటింగ్ జరుగుతుంటే వాన వచ్చింది. అక్కడ వాన అంటే పండగ. లైట్‌బాయ్‌లు కెమెరాకు గొడుగులు పట్టి పరుగెత్తారు, కొందరు తడుస్తూ గెంతారు. మెహర్ ముత్యాలు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వ్యానులో దూరింది. చినుకులు అద్దం మీద ఇసుకను కలుపుకుని గోధుమ రంగు గీతలై జారుతున్నాయి.

"ఒక మాట చె... చెప్తా," అన్నాడు రఫీక్. "అందరు నా మాట వాళ్లే పూర్తి చేస్తరు. కంపెనీల, క్యాంపుల... ఇంట్ల మా అమ్మి గూడ. జల్ది అయిపోవాలె వాళ్లకు. నువ్వొక్కదానివే ఆగుతవు."

"నువ్వేం చెప్తవో నాకేం ఎరుక, పూర్తి చెయ్యనీకి?"

"ఎరుకైనా ఆగుతవు."

ఆమె కుచ్చిళ్లకు అంటిన ఇసుక దులిపింది.

"సుల్తానా, నాకు నువ్వంటే మొ... మొ..."

కళ్లు మూసుకున్నాడు. ఆగింది మొహబ్బత్ అన్న మాట అని ఆమెకు తెలుసు. అయినా అందించలేదు. అతను ఆ మాటను వదిలేసి పక్కకు తిరిగాడు.

"మా ఇంట్ల ఒక కుర్చీ ఖాళీగున్నది. వచ్చి కూసో. ఇగ లేవకు."

మెహర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అలవాటు కొద్దీ అన్నది మాత్రం వేరే. "గట్టి కుర్చీయేనా? నేను సినిమాలల్ల మస్తు కుర్చీలు ఇరగ్గొట్టిన."

"ఇరిగితే ఇద్దరం కింద కూసుందాం."

మెహర్ హైదరాబాదు వెళ్లాక ప్రతి శుక్రవారం అతను ఫోన్ చేసేవాడు. ఫోన్లో నత్తి ఎక్కువయ్యేది. ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుని, వంటింట్లో పాలు పొంగినా కదలకుండా వినేది. రంజాన్ తర్వాత ఊరికి వచ్చి ఆమె తల్లితో మాట్లాడతానన్నాడు.

ఇంతలో సినిమా వచ్చింది. పెద్ద బ్యానరు. ముత్యాలు పాత్రనే సినిమాలో పెడతారట, పోస్టరు మీద ఆమె బొమ్మ కూడా వేస్తారట. మెహర్ ఒప్పుకునే ముందు రఫీక్‌ను అడిగింది.

"మళ్ల నత్తే. నీకు కష్టమనిపిస్తే వద్దంట."

"చెయ్యి," అన్నాడు. "అది నీ ప... పని. వాళ్లు నవ్వేది ముత్యాలును చూసి. నన్ను చూసి కాదు గద."

షూటింగులో ముత్యాలు ఒక వాచ్‌మన్‌కు ప్రేమ చెప్పే సీను ఉంది. పొద్దుటి నుంచి ఎన్ని టేకులు తీసినా పండలేదు. డైరెక్టరు విసిగిపోయి టోపీ నేలకేసి కొట్టాడు.

"రాసింది వదిలెయ్యమ్మా. ఏదన్నా కొత్తది ఇవ్వు. నీ నోటికొచ్చింది చెప్పు."

కెమెరా తిరిగింది. మెహర్ ప్రేమ అన్న మాట దగ్గర ఆగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. మెడ బిగించింది. తర్వాత ఆ మాటను వదిలేసి పక్కకు తిరిగి, "మా... మా ఇంట్ల ఒక కుర్చీ ఖాళీగున్నది. వచ్చి కూసో. ఇగ లేవకు!" అంది.

సెట్టంతా విరగబడి నవ్వింది. కెమెరామన్ కళ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో ఆమె కోసం సెట్లో చప్పట్లు మోగడం అదే మొదలు. ఆ సంతోషంలోనే మేకప్ రూముకు వచ్చి, అద్దం ముందు కూర్చుని, రంగు తుడుచుకుంటూ ఉండగా తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. దూది చేతిలోనే ఉండిపోయింది.

డబ్బింగ్ రోజు ధైర్యం చేసి, "సార్, ఆ కుర్చీ ముక్క తీసేద్దామా?" అని అడిగింది.

"పిచ్చా నీకు?" అన్నాడు డైరెక్టరు. "సినిమాకు ప్రాణం అదే!"

ఇంకోసారి అడగలేదు. పట్టుబడితే పాత్ర మొత్తం కోసేస్తారని భయపడింది. రఫీక్‌కైనా ముందే చెప్పాలనుకుంది. ప్రతి శుక్రవారం అనుకుంది. "సినిమా ఎ... ఎట్లొచ్చింది?" అని అతను అడిగితే, "మంచిగొచ్చింది" అని మాట మార్చింది.

సినిమా ఆడింది. ఆటోల వెనక "ఇగ లేవకు" అని రాయించుకున్నారు. బళ్లో పిల్లలు మెడలు బిగించి, కళ్లు మూసి ముత్యాలును అనుకరించారు. దోహాలో కూడా విడుదలైంది. ఆ శుక్రవారం ఫోన్ రాలేదు.

మర్నాడు ఆమే చేసింది. ఎత్తింది రఫీక్ రూమ్మేట్ లస్మయ్య.

"మేడం! మొన్న అందరం డ్యూటీ కాంగనే సినిమాకు పోయినం. మస్తు నవ్వినం! రఫీక్ గూడ నవ్విండు."

"నవ్విండా?"

"హా, ముందుగాల నవ్విండు. అటెంక ఒక్కసారి సల్లవడి లేసి బయటికి పోయిండు. మేడం, గా నత్తి వీని లెక్కనే ఉన్నదని మావోళ్లు కనిపెట్టిన్రు. బస్సెక్కంగనే 'కుర్చీ ఖాళీగున్నదా' అని అడుగుతున్రు వాన్ని. నేను వద్దన్న. ఇంటలేరు."

"ఫోన్ ఇయ్యి లస్మయ్యా."

అవతల గుసగుసలు. "ఇప్పుడు మాట్లాడడంట మేడం," అన్నాడు లస్మయ్య, గొంతు తగ్గించి.

తర్వాత ఎన్నిసార్లు చేసినా రఫీక్ ఎత్తలేదు. రంజాన్ వచ్చి పోయింది. అతను ఊరికి రాలేదు.

సినిమా విజయానికి దోహాలో సన్మానం చేస్తామని రామకృష్ణారావు పిలవగానే మెహర్ ఇంకో మాట లేకుండా ఒప్పుకుంది. ఎయిర్‌పోర్టుకు వేరే డ్రైవరు వచ్చాడు. సన్మానం హాలు మధ్యాహ్నానికే నిండిపోయింది. క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన జనం ఈలలు వేశారు. మెహర్ మైకు పట్టుకుని వరస వరసా చూసింది. రఫీక్ లేడు.

"కుర్చీ! కుర్చీ!" అని అరిచారు.

"ఆ మాట నాది కాదు," అంది మెహర్. "ఒకరి దగ్గర తీసుకున్న, అడగకుంట. మళ్ల చెప్ప."

జోకు అనుకుని కొందరు నవ్వారు. ఆమె ఇంకేమీ అనకపోయేసరికి హాలులో గొణుగుడు మొదలైంది. పూలదండ వేయించుకుని, దండం పెట్టి దిగిపోయింది.

"ఇదేమిటమ్మా, అంత దూరం నుంచి వచ్చారు వాళ్లంతా," అని రామకృష్ణారావు నొచ్చుకున్నాడు. ఆమె ముఖం చూసి మరి అడగలేదు. మర్నాడు పొద్దున తనే కారులో మెసయీద్ తీసుకెళ్లి, దూరంగా ఆపుకుని కూర్చున్నాడు.

రఫీక్ బస్సు అద్దాలు కడుగుతున్నాడు. చిక్కిపోయాడు. ఆమెను చూసి బట్ట బకెట్‌లో వేసి, చేతులు తుడుచుకుని, ఎదురుగా ఉన్న మలయాళీ కెఫెటేరియా వైపు నడిచాడు. రెండు చిక్కటి కరక్ చాయ్‌లు వచ్చాయి.

"తిట్టు," అంది మెహర్. "కొట్టినా సరే."

అతను ఒక గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "నే... నేను గూడ నవ్విన, సుల్తానా. అందరికంటె ముందు నేనే నవ్విన. అంత మంచిగ చేసినవ్. అది నేనేనని తె... తెలిసేటాల్లకు నా నోట్లె నవ్వు అట్లనే ఉన్నది."

ఆమె తల దించుకుంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"కావాలని చెయ్యలే రఫీక్. నోట్లెకెళ్లి వచ్చింది. కానీ తీసేయిమని గట్టిగ అడగలే. నీకు గూడ చెప్పలే. అది కావాలనే."

"ఎరుకే. మా... మాఫ్ చేసిన. ఎప్పుడో చేసిన."

"మరి ఫోన్ ఎందుకు ఎత్తవు?"

అతను గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక్కొక్క మాటా లాగి లాగి బయటికి తెచ్చాడు. "నీ తోటి మాట్లాడుతుంటె ఇదివరకు నా న... నత్తి నాకు యాదికుండకపోయేది. ఇప్పుడు నోరు తెరవంగనే, దీన్ని ఈమె ఎట్ల చే... చేస్తదో అనిపిస్తది. నువ్వు చెయ్యవు. ఎరుకే. అయినా అనిపిస్తది."

"ముత్యాలును ఇడిచిపెడత. రెండో సినిమా అడుగుతున్నరు, వద్దని చెప్త. ఇడ్నే ఉంట, రోటీలు చేసుకుంట. రఫీక్, నన్ను నికా చేసుకో."

ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో మొహబ్బత్ అట్లాగే ఉంది. అది ఆమెకు కనిపించింది కూడా.

"లేదు," అన్నాడు.

ఆ మాట ఎక్కడా ఆగలేదు. అందులో తడబాటు లేదు, పక్క దారి లేదు. ఇద్దరూ విన్నారు. అతని కళ్ల నుంచి నీళ్లు జారి మీసంలోకి ఇంకాయి. బయట ఎవరో "యల్లా రఫీక్, డ్యూటీ!" అని కేకేశారు. అతను లేచి, ఆమె తల మీద ఒక్కసారి చేయి ఉంచి, వెళ్లి బస్సు ఎక్కాడు. కార్మికులు ఎక్కారు. బస్సు రిఫైనరీ పొగ గొట్టాల వైపు మలుపు తిరిగేదాకా మెహర్ అక్కడే కూర్చుంది.

రెండో సినిమాకు ఆమె వద్దని చెప్పింది. ముత్యాలు పాత్రను ఇంకో అమ్మాయి వేసింది. అదీ బాగానే ఆడింది. మెహర్‌కు ఏడాది పైగా పని దొరకలేదు. తర్వాత ఒక సీరియల్‌లో చిన్న వేషం వచ్చింది, పెళ్లికూతురి మేనత్త. మొదటి రోజు కెమెరా ముందు నిలబడి డైలాగు తన మామూలు గొంతుతో, కరీంనగర్ యాసలో, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. సెట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన సీను కాదది.