కనుమ మీద పెట్రోలు తాగే ఆవిడ

మిగతా ఊళ్ళలో దెయ్యాలు రక్తం తాగుతాయని విన్నాను. మా హర్గానా కనుమ మీద ఉన్న ఆవిడ పెట్రోలు తాగుతుంది. అదీ జపాను నుంచి వచ్చిన పాత హైబ్రిడ్ కార్లలోదే. లారీల డీజిలు ముట్టదు. రష్యా జీపుల జోలికి పోదు. ఇంత నాలుక రుచి ఉన్న దెయ్యాన్ని నేనింకెక్కడా చూడలేదు.

కనుమ కింద, ఎత్తు మొదలయ్యే చోట నాకో చిన్న హోటలు, దాని ముందు ఒంటి పంపు పెట్రోలు బంకు ఉన్నాయి. ఇక్కణ్ణుంచి తర్వాతి బంకు నూట పది కిలోమీటర్లు. మధ్యలో గొర్రెలూ మంచూ తప్ప ఏమీ లేవు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి, చలి సున్నాకి ముప్పై అయిదు కింద. అలాంటి చోట బండి ఆగితే మనిషీ ఆగిపోతాడు.

డ్రైవర్లందరిదీ ఒకటే కథ. నా దగ్గర పెట్రోలు కొట్టించుకుంటారు, మీటరులో ఎనిమిది గీతలు వెలుగుతాయి. ఇరవై కిలోమీటర్లు ఎక్కి, కనుమ కొసన ఓవో దగ్గర ఆగుతారు. దారిన పోయేవాళ్ళు తలా ఒక రాయి వేసి పెంచిన గుట్ట అది, నిండా నీలం పట్టుగుడ్డలు. కొండ దేవుడైన పెద్దాయన ముందు ఇంజను రొద చేయకూడదు కాబట్టి బండి పూర్తిగా ఆపి, దిగి, మూడుసార్లు చుట్టూ తిరిగి, ఎక్కి, మళ్ళీ స్టార్టు చేస్తారు…

గీతలు ఐదు.

"తాగేసిందక్కా! నేనటు తిరిగి వచ్చేలోపు తాగేసింది!"

అంటూ వణుక్కుంటూ వెనక్కి దిగొచ్చి, మళ్ళీ నా దగ్గరే నింపుకుంటారు. మాంసం కుడుములు తింటారు, ఉప్పు టీ తాగుతారు, ఆవిడ వయసెంతో వాదించుకుంటారు. చలికి బిగుసుకుపోయిన పెళ్ళికూతురని ఒకడు. కాదు, దారి తప్పిన ముసలమ్మని ఇంకొకడు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ గిరాకీ తెచ్చిపెట్టే దెయ్యాన్ని పనిగట్టుకుని తిట్టడం దేనికని నోరు మూసుకున్నాను.

గొంబోకి జరిగింది పోయిన డిసెంబరులో. కొంత గొంబో చెప్పాడు, కొంత వాళ్ళ దుల్మా పిన్ని చెప్పింది. ఇద్దరి మాటా కలవని చోట పిన్ని మాటే తీసుకున్నాను.

గొంబో టాక్సీ డ్రైవరు. ధైర్యవంతుడని పేరు, ఆ పేరు పెట్టింది కూడా అతనే. ఆ సాయంత్రం దుల్మా పిన్నిని పట్నానికి తీసుకెళ్తున్నాడు. మర్నాడు ఆవిడ మనవరాలికి పుట్టు వెంట్రుకలు తీసే వేడుక. పిన్ని కొత్త తోలు బూట్లు వేసుకుని, ఒళ్ళో పిల్లకి ఒంటె ఉన్ని కంబళి పెట్టుకుని కూర్చుంది.

ఐదు లీటర్లు పోయగానే బండి స్టార్టు చేసి, "చాలక్కా," అన్నాడు గొంబో.

"పట్నం దాకా ఐదు లీటర్లా?"

"మీటరు చూడు, నాలుగు గీతలు! నీ పెట్రోలు ఎక్కువ పోయించుకుంటే మా ఇంజనుకి అజీర్తి."

అప్పుడే హోటల్లో చోయ్‌జిల్ అనే ఇంకో డ్రైవరు గోడవారగా కూర్చుని టీ తాగుతున్నాడు. పిరికివాడు, మంచివాడు. లోపల చేతులు కాచుకోవడానికి వచ్చిన గొంబో అతన్ని వదల్లేదు.

"ఏం తమ్ముడూ, ఇవాళ కూడా మీ అత్తగారికి పెట్రోలు పోసి వస్తావా?"

"నవ్వకన్నా," అన్నాడు చోయ్‌జిల్, గొంతు తగ్గించి. "ఓవో దగ్గర ఆగు… ఆగకుండా పోకు."

"ఆగితేనే కదరా తాగేది! నేను ఆగను. హారన్ మూడుసార్లు కొడతా. ఎలా తాగుతుందో చూస్తా."

అన్నంత పనీ చేశాడు. కనుమ కొసన పిన్ని మొత్తుకుంటున్నా ఆపలేదు. హారన్ కొట్టాడు — ఒకటి, రెండు, మూడు. ఓవో వెనక్కి వెళ్ళిపోయింది.

గీతలు నాలుగుకి నాలుగూ ఉన్నాయి.

"చూశావా పిన్నీ! మీ దెయ్యం నన్ను చూసి జడుసుకుంది."

"నీ మొహం చూస్తే ఎవరైనా జడుసుకుంటారు," అంది పిన్ని.

కనుమ దిగారు. మైదానం. రోడ్డు మీద మంచు పాముల్లా పాకుతోంది. ముప్పై కిలోమీటర్లు… నలభై… గొంబో ఈల వేస్తున్నాడు. ఇంకా మూడు గీతలు.

అప్పుడు ఇంజను ఆగిపోయింది.

బండి మాత్రం ఆగలేదు.

చప్పుడు లేదు. కాళ్ళ దగ్గర వెచ్చటి గాలి చల్లబడుతోంది. అయినా చీకట్లో కారు మెత్తగా, దానంతటదే పోతోంది… ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు.

"ఎవర్రా నడుపుతున్నది?" పిన్ని గుసగుసలాడింది.

"బ్యాటరీ, పిన్నీ… బ్యాటరీ మీద పోతోంది."

"మరి పెట్రోలు?"

గొంబో మీటరు చూశాడు. మూడు గీతలూ చక్కగా వెలుగుతున్నాయి. వేలితో కొట్టాడు. బతిమాలాడు. తిట్టాడు. మూడే.

కిలోమీటరు దాటాక అదీ ఆగింది. డాష్‌బోర్డులో ఎర్ర బొమ్మ వెలిగి, లోపలి జపాను అమ్మాయి గొంతు మర్యాదగా ఏదో చెప్పింది. పదేళ్ళుగా ఆ బండి జపాను భాషలోనే మాట్లాడుతోంది, పదేళ్ళుగా ఎవరికీ అర్థం కాలేదు.

"ఏమంటోంది?"

"తెలీదు."

"నాకు తెలుసు," అంది పిన్ని. "నిన్ను వెధవా అంటోంది."

ఆ తర్వాత ఇద్దరూ నవ్వలేదు. ఫోనుకి సిగ్నలు లేదు. బయటికి దిగి నడిస్తే అరగంటలో ప్రాణం పోతుంది, కూర్చుంటే కాస్త ఆలస్యంగా పోతుంది. అంతే తేడా. అద్దాల మీద లోపలివైపే మంచు పేరుకుంది. పసిపిల్ల కంబళి ఇద్దరి భుజాల మీదా కప్పుకున్నారు.

గంట గడిచింది.

"గొంబో… నా కాళ్ళు తెలియడం లేదురా."

గొంబో ఆ కొత్త తోలు బూట్లు లాగేసి, పిన్ని పాదాలు తన చొక్కా కింద పొట్టకి ఆనించుకున్నాడు. రెండు మంచు ముక్కలు. తల్లి పోయాక తనని పెంచిన మనిషి కాళ్ళు అవి. అప్పుడు ఏడ్చానని నాకు గొంబోయే చెప్పాడు. అంతకు ముందే ఏడుస్తున్నాడని పిన్ని చెప్పింది.

"నిద్రపోకు పిన్నీ… పిన్నీ, మాట్లాడు."

"ఏం మాట్లాడనూ… హారన్ కొట్టు. మూడుసార్లు."

కొట్టబోయాడు. బ్యాటరీ కుయ్యిమని ఊరుకుంది.

ఎంతసేపయిందో తెలీదు. పిన్ని మాటలు తగ్గాయి. అద్దం మీద మంచు ఉన్నట్టుండి పాలలా తెల్లగా వెలిగింది. గొంబో ఊపిరి బిగబట్టాడు. మంచు కిర్రుమంది… ఒక అడుగు… ఇంకో అడుగు…

టక్. టక్.

మంచు గీరి చూశాడు. అద్దానికి అవతల ఒక మొహం. కనుబొమలు తెలుపు, కనురెప్పలు తెలుపు, తల నిండా తెల్లటి గుడ్డ. నోరు కదిలింది. గొంతు ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టుంది.

"పెట్రోలు…"

మా ధైర్యవంతుడు కెవ్వుమన్నాడు.

"లేదు తల్లీ! ఒక్క చుక్క లేదు! అంతా నువ్వే తాగేశావు కదా! నన్ను తీసుకుపో, పిన్నిని వదిలెయ్!"

"పెట్రోలు కావాలా అన్నా?" అన్నాడు చోయ్‌జిల్.

చోయ్‌జిల్ ఎప్పటిలాగే ఓవో దగ్గర ఆగాడు. ఇంజను ఆపాడు. మూడుసార్లు తిరిగాడు. స్టార్టు చేస్తే మూడు గీతలు మాయం. ఎప్పటిలాగే జడుసుకుని నా దగ్గరికి దిగొచ్చి, టాంకు నింపించుకుని, భయం తీరక ఒక డబ్బా కూడా పట్టించుకుని బయల్దేరాడు. ఆ డబ్బాయే వాళ్ళ ప్రాణాలు కాపాడింది. పిన్నికి రెండు కాలివేళ్ళు మాత్రం తీసేశారు.

వారం తిరక్కుండా పట్నంనుంచి ఓచిర్ అనే మెకానిక్కు వచ్చాడు. గొంబో బండినంతా విప్పి చూసినా తప్పేమీ కనపడలేదట. సంచిలోంచి తాపీమేస్త్రీల రసమట్టం తీసి నా పంపు ముందు నేల మీద పెట్టాడు. అందులో బుడగ చివరికంటా పరిగెత్తింది.

"అక్కా, నీ బంకు ఏటవాలు మీద ఉంది."

"కొండ మొదట్లో ఉన్న బంకు పళ్ళెంలా ఉంటుందా?"

"ఈ కార్ల మీటరు స్టార్టు చేసినప్పుడు మాత్రమే టాంకులోకి తొంగి చూస్తుంది. ఆ తర్వాతంతా అంచనా. ఇక్కడ ముక్కు పైకెత్తి స్టార్టు చేస్తే, పెట్రోలంతా ఒక పక్కకి చేరి మూడు గీతలు ఎక్కువ చూపిస్తుంది. పైన ఓవో దగ్గర నేల చదును. అక్కడ ఆపి స్టార్టు చేస్తేనే నిజం చెబుతుంది."

ఇన్నేళ్ళూ పైన ఆవిడ ఎవరి పెట్రోలూ తాగలేదు. అబద్ధం చెప్పింది నా బంకు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఒక్కొక్కణ్ణీ భయపెట్టి వెనక్కి తోలి, బతికించింది ఆ దెయ్యం. గొంబో చేసిన తప్పల్లా మొక్కు ఎగ్గొట్టడమే. పిన్ని వేళ్ళు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది, ఆ రాత్రి అన్నం సయించలేదు.

నేల గడ్డకట్టి గునపం దిగదు కాబట్టి మే నెల దాకా ఆగాను. మంచు కరగ్గానే నలుగురు కూలీల్ని పెట్టి, పంపు ముందు నేలంతా తవ్వించి, రసమట్టంలో బుడగ నడుమ నిలిచేదాకా చదును చేయించాను. వచ్చిన ప్రతి డ్రైవరుకీ విడమరిచి చెప్పాను. అందరూ తలూపారు. మా డ్రైవర్లు తలూపడంలో ఘనులు.

తర్వాత ఏమైందంటే — ఎప్పుడూ కొట్టించుకునేంతే కొట్టించుకుంటే, ఎనిమిది గీతలు రావలసిన చోట నా పంపు దగ్గరే ఐదు కనిపించాయి. పైకి వెళ్ళి ఓవో చుట్టూ తిరిగొచ్చి చూసినా ఐదే, ఒక్కటీ తగ్గలేదు.

నెల తిరిగేసరికి నా పంపుకి నీలం గుడ్డలు కట్టడం మొదలుపెట్టారు. పొద్దున్నే లేచి చూస్తే దాని మొదట్లో పాలు పోసి ఉండేవి. అదేమిటని అడిగితే ఎవడూ నా కళ్ళలోకి చూడడు.

మొన్న గొంబో కారు వచ్చి ఆగింది. దుల్మా పిన్ని కర్ర ఊతంతో దిగి, గొంబోని వెంటబెట్టుకుని పంపు చుట్టూ మూడుసార్లు తిరిగింది. మా ధైర్యవంతుడు టోపీ చేతిలో పట్టుకుని, బుద్ధిగా వెనకే నడిచాడు. తర్వాత పిన్ని నా దగ్గరికి వచ్చి, చేయి పట్టుకుని, గుసగుసగా అంది:

"మంచి పని చేశావమ్మా. అంత చలిలో, పైన ఒక్కతే ఎన్నేళ్ళుంటుంది పాపం… చదును చేయించి, నీ ఇంటికి తెచ్చుకున్నావు."

నేను నమ్మనని చెప్పాను కదా. ఇప్పటికీ నమ్మను. కాకపోతే ఆ రోజునుంచి రాత్రి పంపు దగ్గర లైటు ఆర్పడం మానేశాను.