పెదకాకానిలో చావు మెయిల్

ఆ ఉదయం శ్రీకృష్ణ మాస్టారిని చంపేశారు. మిర్చి రైతుల ఈమెయిల్ గ్రూపులో ప్రతి ఒక్కరికీ ఆ కబురు చేరింది, మాస్టారికి తప్ప. గ్రూపుని నడిపే ఆ పెద్దమనిషి గుంటూరు పక్కన పెదకాకానిలో తన వసారాలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

ఆయన ఎదురుగా కమిషన్ కొట్టు గుమాస్తా వేషంలో, చేతిలో తేమ మీటరుతో నిలబడ్డవాడు ఏజెంట్ జక్రయ్య. కోడ్ నేమ్ తాలు. మిర్చి యార్డులో రంగు పోయిన కాయని పక్కకి ఏరి పారేసేటప్పుడు అనే మాట. గూఢచారి డిపార్టుమెంటులో డిగ్రీలున్నవాళ్లకి పులుల పేర్లూ, డేగల పేర్లూ దొరికాయి. ఎనిమిదితో బడి మానేసినవాడికి ఇది చాలనుకున్నారు.

తేమ మీటరు నిజానికి వైర్‌లెస్ సెట్. అందులోంచి ఒంగోలు ఆఫీసు చీఫ్ కోటిరత్నం గొంతు వినపడింది.

"తాలు, బ్రీఫింగ్ విను. ముఠా పేరు ఆర్కిడ్. సముద్రం అవతల కూర్చుంటారు. మాస్టారి పాస్‌వర్డ్ కొట్టేసి, ఆయన ఖాతాలోంచే ఆయన చావు కబురు పంపారు. కింద లింకు. సంతాపం తెలపాలంటే పేరు, ఈమెయిల్, సెల్ నంబరు కొట్టాలి. కొట్టినవాడి మీద రేపట్నుంచి నకిలీ పురుగుమందుల స్పామ్ కుమ్మరిస్తారు."

"అబద్ధమని గ్రూపులో రాసేద్దాం మేడమ్."

"మోడరేటర్ ఓకే అంటేనే కదా మెయిల్ వెళ్లేది? ఇప్పుడు మోడరేటర్ వాళ్లే."

"అయితే ఫోన్లు చేద్దాం."

మాస్టారు చెయ్యి కడుక్కుంటూ తల అడ్డంగా ఊపాడు. "ఎవరికని చేస్తావయ్యా? అడ్రసులు, నంబర్లు ఎవరికీ కనపడకుండా పెట్టించింది నేనే. నాకు కూడా పేర్లే కనపడతాయి."

స్పామ్‌ని ఆపడానికి కట్టిన గోడ ఇప్పుడు వీళ్లనే బయట నిలబెట్టింది.

ఆ గ్రూపులో జక్రయ్యకి తెలిసిన నంబరు ఒక్కటే, అన్న ఆదాంది. సింగరాయకొండ దగ్గర కౌలుకి మిరప వేశాడు. కిందటేడు ఇంకేదో గ్రూపులోంచి అతని అడ్రసు బయటికి పొక్కి, 'గౌరవనీయులైన ఆదాం గారికి' అంటూ మెయిల్ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్లో ఆదాంని గారు అన్నవాడు లేడు. నమ్మాడు. మందు తెప్పించి కొట్టాడు. చేను నిలువునా మాడిపోయింది. ఈ ఏడు కూడా పోతే అన్న ఏం చేసుకుంటాడో తలుచుకోవడానికే జక్రయ్యకి భయం.

ఫోన్ చేశాడు. అన్న సెల్‌కి రీఛార్జి అయిపోయింది, ఇన్‌కమింగ్ లేదు. అక్కడి చర్చి వైఫై మీద మెయిల్ మాత్రం చక్కగా నడుస్తుంది, కానీ అన్న మెయిల్ అడ్రసు జక్రయ్య దగ్గర లేదు. ఆ చర్చి పాస్టరు గారికి చేస్తే ఎత్తలేదు.

గేటు ముందు తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, సెంటు ఘాటు. హారిక. పైకి విత్తన కంపెనీ ఆఫీసరు. లోపల ఆర్కిడ్ మనిషి, ఇంకా లోపల డిపార్టుమెంటు మనిషి. రెండు జీతాలు.

"కాయ ఆరిందా?" జక్రయ్య కోడ్ అడిగాడు.

"ఇంకో ఎండ కావాలి." ఆమె ఒళ్లో లాప్‌టాప్ తిప్పి చూపించింది. "పన్నెండింటికి సర్వర్ ఎత్తేస్తారు. అప్పటిదాకా వచ్చినవాళ్లు వచ్చినట్టు ఇందులో పడతారు."

"ఆపమ్మా."

"స్విచ్ వాళ్ల దగ్గరుంది. ఐడియా మాత్రం నాదే. చావు కబురు విని ఊరుకునేవాళ్లు ఎవరండీ? మా ఆఫీసులో అయితే అయిదు నిమిషాల్లో అందరూ సంతాపం పెట్టేస్తారు."

స్క్రీన్ మీద సున్నా ఉంది. చాలాసేపటికీ సున్నానే. హారిక కళ్లద్దాలు తీసి మళ్లీ చూసింది.

అప్పుడు మొదటి ఆటో వచ్చింది. వెనక ఇంకోటి. ఆ వెనక ట్రాక్టరు నిండా జనం, చేతుల్లో బంతిపూల దండలు. గ్రూపులో పాత సభ్యురాలు వీరమ్మ సందు మొదట్లోంచే శోకాలు పెడుతూ వచ్చి, వసారాలో మాస్టారిని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"బతికే ఉన్నావా మాయదారి మనిషీ! రెండు బస్సులు మారి వచ్చాను కదయ్యా!"

"లింకు నొక్కలేదా అమ్మా?" జక్రయ్య ఆత్రంగా అడిగాడు.

"మనిషి పోతే రావాలి గానీ నొక్కేదేందయ్యా? సిగ్గులేదూ?"

హారిక మొహం పాలిపోయింది. జక్రయ్య మాత్రం వచ్చిన ప్రతి మొహమూ వెతుకుతున్నాడు. ఆదాం లేడు. బస్సుకి డబ్బులుండవు వాడి దగ్గర.

పన్నెండు కావస్తుండగా లాప్‌టాప్ కుయ్‌మంది.

"సింగరాయకొండ నుంచి ఒకరు," అంది హారిక. "నంబరు పూర్తయితేనే అవతలికి చేరుతుంది."

పేరు గడిలో ఒక్కో అక్షరమే పడుతోంది. ఆ. దాం. తర్వాత ఈమెయిల్. తర్వాత సెల్ నంబరులో అంకెలు, వెతికి వెతికి కొడుతున్నట్టు.

"వద్దన్నా! ఒరేయ్ అన్నా, కొట్టకురా!" జక్రయ్య స్క్రీన్ పట్టుకుని అరిచాడు. దండలు పట్టుకున్నవాళ్లు తిరిగి చూశారు. లాప్‌టాప్‌కి చెవులుంటాయా? అంకెలు పడుతూనే ఉన్నాయి.

చివరి అంకె దగ్గర ఆగాయి.

జక్రయ్య స్క్రీన్ వదల్లేదు. ఏమీ చెయ్యలేడు. తుపాకీ ఉంది, ఎవర్ని కాల్చాలి? పన్నెండయింది. పేజీ తెల్లగా అయిపోయింది. ఆర్కిడ్ సర్వర్ ఎత్తేసింది, ఒక్క పేరు కూడా అందకుండానే.

"ఇది ట్రైనింగులో చెప్పలేదు," అంది హారిక. ఐడియా నాదేనన్న ఆమె మాట తేమ మీటరు విననే విన్నది; డిపార్టుమెంటు జీపు వచ్చి ఆమెని ఒంగోలు తీసుకెళ్లింది. రెండు జీతాలూ ఒకేసారి ఆగిపోయాయి.

అంత జనాన్నీ ఉత్త చేతులతో పంపలేక మాస్టారు పొయ్యి వెలిగించమన్నాడు. ఎవరో నసిగారు. "చావింట్లో వంటేంటని కదా? చచ్చింది నేను. నేనే చెబుతున్నా, వండండి."

పొద్దు వాలేటప్పుడు పత్తి లారీ మీంచి దుమ్ము కొట్టుకుపోయిన మనిషి ఒకడు దిగాడు. చేతిలో వాడిన దండ. ఆదాం. జక్రయ్య వడ్డించే గరిటె వదిలేసి పరిగెత్తాడు.

"నంబరు ఎందుకు ఆపావన్నా?"

"నీకెట్టా తెలుసురా?" ఆదాం విస్తుపోయాడు. "కొడతా ఉంటే గుంటూరు లారీ వచ్చింది. ఎక్కించుకుంటానన్నాడు. ఇంకేం కొడతాం, ఎక్కేశా." వసారాలోకి చూశాడు. "ఒరేయ్, మాస్టారు కూర్చున్నాడేందిరా?"

తేమ మీటరు గరగరమంది. "తాలు, వెల్ డన్. ఢిల్లీకి రిపోర్ట్ పంపాలి. ప్లాట్‌ని ఎలా ఆపావో రెండు ముక్కల్లో చెప్పు."

జక్రయ్య భోజనాల బంతి వైపు చూశాడు. "సాంబారు అయిపోయింది మేడమ్. మజ్జిగ పోస్తున్నానని రాసుకోండి."