ఖాళీ ట్యూబులో దొరికింది

"ఏమీ లేని ట్యూబులో బాక్టీరియా ఎట్లా వచ్చినాయి?" అని అబిగయీలు నిలదీస్తే, ల్యాబులో పనిచేసే హెబ్రోను ఆమె ముఖం చూడకుండా, మళ్లీ రన్ చేస్తానండి అన్నాడు.

ఆ చూడకపోవడమే ఆమెకు నచ్చలేదు.

నెల్లూరులో ఆమె డెంటల్ పీజీ చేస్తోంది. చీము పట్టిన పంటి వేరులోకి సన్నటి పేపర్ పాయింట్ దించి తీస్తుంది. దానికి అంటుకున్న క్రిమి ఏదో, డీఎన్ఏని పీసీఆర్ మెషీన్‌లో పెంచి హెబ్రోను తేలుస్తాడు. ప్రతి బ్యాచ్‌తోనూ ఏ పంటినీ తాకని పేపర్ పాయింట్ ఒకటి విడిగా ట్యూబులో పెడతారు. అందులో ఏదైనా కనిపించిందా, ఆ బ్యాచ్ మొత్తం చెల్లదు. థీసిస్ గోవిందా. కృష్ణపట్నం పోర్టులో లోడింగ్ పని చేసి చదివించిన నాన్నకు ఏం చెప్పాలి?

ఆలోచించేకొద్దీ అనుమానం ముదిరింది. శాంపిల్స్ అటెండర్‌తో పంపిన రోజు ఖాళీ ట్యూబు శుభ్రంగా ఉంటోంది. తను స్వయంగా తెచ్చిన రోజే చెడుతోంది. అతను నవ్వుతూ కబుర్లాడేది తన దృష్టి మళ్లించడానికేనా? పైగా ఫ్రీజర్‌లో తన శాంపిల్స్ వెనకాల 'హెచ్' అని రాసిన ట్యూబులు. తన పనితో సొంత రీసెర్చ్ పేపర్ రాసుకుంటున్నాడన్నమాట.

ఒక ట్యూబు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇదేంది?"

"నా ఉమ్మి."

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఖాళీ ట్యూబులో దొరికిందీ, నా నోట్లోదీ సీక్వెన్స్ చేసి చూసినా. రెండూ ఒకటే. మీరొస్తే మాస్కు కిందికి లాగి మాట్లాడతా. ట్యూబులు తెరిచి ఉన్నాయనే గుర్తుండదు."

"ఎప్పుడు తెలిసింది?"

"పోయిన వారం. చెప్తే ఇంక మీరు రారని..."

నీ కబుర్ల కోసం నా చదువు ముంచుతావా అని కడిగిపారేసి వెళ్లిపోయింది.

మర్నాడు థీసిస్ గైడ్ పిలిపించింది. హెబ్రోను తనంతట తానే వచ్చి తప్పు ఒప్పుకున్నాడట, మెమో కూడా తీసుకున్నాడట. ప్రతి శాంపిల్లోనూ సగం వేరే ట్యూబులో, మూత తీయకుండా ఫ్రీజర్‌లో ఉంది కాబట్టి, దాంతో మళ్లీ చేయమంది. అబిగయీలు ల్యాబు అద్దం బయటే నిలబడింది. అతను లోపల పెదవి కదపకుండా పనిచేశాడు. ఖాళీ ట్యూబు ఖాళీగానే వచ్చింది.

బయట వాన. ఇద్దరూ మెట్ల దగ్గర ఆగారు.

"ఆదివారం చర్చి అయినాక మా ఇంటికి రా. మా అమ్మ పోలీసులకంటే ఎక్కువ అడుగుతుంది," అందామె.

"ఏమని?"

"మా పిల్లంటే ఇష్టమా అని."

"ఇష్టమే అంటా."

"ఎప్పటి నుంచి అంటుంది."

"మొదటి బ్యాచ్ నుంచి."

"అది కూడా నాకు ముందే చెప్పుండొచ్చు కదా," అంది అబిగయీలు.